సూరత్, 1866: వాస్తవిక దృష్టికి మూడు ఆరంభాలు

ఒక భాషలో వాస్తవిక సాహిత్యం ఏనాడు పుట్టినదని అడిగినప్పుడు సాహిత్య చరిత్రకారులు సాధారణంగా ఆ భాషలోని మొదటి నవలను చూపుతారు. ఈ పద్ధతి లెక్కకు అనుకూలమే కాని అన్నివేళలా న్యాయమైనది కాదు. మొదటి నవల రాజుల కథ కావచ్చును. దాని పక్కనే, నవల కాని మరియొక గ్రంథంలో, మనిషి ఉన్నది ఉన్నట్లు తన్ను తాను చూచుకొని ఉండవచ్చును. కథకు గల రూపం వేరు, సత్యాన్ని చూచే కన్ను వేరు. ఈ రెండూ ఒకేసారి పుట్టవలెనన్న నియమం లేదు. గుజరాతీ సాహిత్యంలో సూరత్ నగరం ఇందుకు చక్కని నిదర్శనం. ఆ నగరంలో జన్మించిన ముగ్గురు రచయితల మూడు గ్రంథాలు 1866వ సంవత్సరానికే చెందినవి. నందశంకర మెహతా 'కరణ్ ఘెలో' ఒకటి, మహీపతరామ్ నీలకంఠ్ 'సాసూ వహూనీ లడాయీ' రెండవది, నర్మద్ 'మారీ హకీకత్' మూడవది. ఒకటి చారిత్రక నవల, ఒకటి సాంఘిక నవల, ఒకటి స్వీయచరిత్ర. ఈ మూడింటిలో వాస్తవికతకు నిజమైన వారసత్వం దేనిదన్నది విచారింపదగిన ప్రశ్న.

ఈ విచారణకు కొలబద్ద కావలెను. వాస్తవికత, సహజవాదం అనే మాటలను ఒకదానికి బదులు మరియొకటిగా వాడుట పరిపాటి అయినది. ఈ రెంటికీ గల భేదం అమెరికా నవలా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 1861 నుండి 1865 వరకు సాగిన అంతర్యుద్ధం తరువాత విలియం డీన్ హావెల్స్ వంటివారు వీరగాథలను విడిచి, సామాన్య గృహస్థుని ఇంటి ముంగిట నిలిచినారు. 1885లో వెలువడిన హావెల్స్ నవల 'ది రైజ్ ఆఫ్ సైలస్ లాఫమ్'లో నాయకుడు బోస్టన్ నగరంలో రంగుల వ్యాపారి. అతడు ధనం సంపాదిస్తాడు, ఉన్నత కుటుంబాల సరసన చేరవలెనని తహతహలాడుతాడు, తుదకు ధనం పోగొట్టుకొంటాడు. మోసం చేసి నిలబడగల అవకాశం చేతికి అందినప్పుడు దానిని వదలివేస్తాడు. గ్రంథనామంలోని 'ఉన్నతి' ఆ వదలివేయుటలోనే ఉన్నది. వాస్తవికవాదం మనిషిని అతని బజారులో, అతని భోజనపు బల్ల వద్ద చూపుతుంది. అయినా తుది నిర్ణయాన్ని అతని చేతిలోనే ఉంచుతుంది.

తరువాతి తరం ఆ నిర్ణయాన్ని మనిషి చేతి నుండి లాగివేసినది. ఫ్రాన్సులో ఎమీల్ జోలా 1880లో ప్రయోగాత్మక నవలను గూర్చి చేసిన ప్రతిపాదనలో రచయిత శాస్త్రజ్ఞుని వంటివాడు. వంశం, పరిసరం అనే రెండు శక్తుల మధ్య పాత్రను ఉంచి, ఏమి జరుగునో గమనించుట అతని పని. స్టీఫెన్ క్రేన్ 1893లో 'మాగీ'ని మారుపేరుతో, సొంత ఖర్చుతో అచ్చు వేసుకొన్నాడు. న్యూయార్క్ మురికివాడలో పుట్టిన పిల్లకు ఆ వాడయే విధి అయినదని ఆ చిన్న గ్రంథం చూపినది. ఫ్రాంక్ నోరిస్ 'మెక్‌టీగ్' 1899లో వచ్చినది. లాటరీలో వచ్చిపడిన అయిదువేల డాలర్లు ఒక పండ్ల వైద్యుని సంసారాన్ని ఎట్లు తినివేసినదో అందులో చూడవచ్చును.

థియొడోర్ డ్రైసర్ 1900లో ప్రకటించిన 'సిస్టర్ కేరీ'లో ఈ దృష్టి పరాకాష్ఠను అందుకొన్నది. అందులోని హర్స్‌ట్‌వుడ్ ఒక పానశాల నిర్వాహకుడు. ఒకనాటి రాత్రి యజమానుల ఇనుపపెట్టె తెరచి ఉండగా చూస్తాడు. ధనం తీస్తాడు, తిరిగి పెడతాడు, మళ్లీ తీస్తాడు. ఇంతలో తలుపు తాళం తనంతట తానే పడిపోతుంది. దొంగతనం చేయవలెనని అతడు నిశ్చయించినాడా అంటే చెప్పలేము, నిశ్చయించలేదా అంటే అదీ చెప్పలేము. మనిషి సంకల్పానికి, ఒక ఇనుప గడియ కదలికకు మధ్య హద్దు ఎక్కడనో డ్రైసర్ తేల్చడు. వాస్తవికవాదానికి, సహజవాదానికి గల దూరమంతా ఆ గడియ చప్పుడులో ఇమిడి ఉన్నది.

అమెరికా అంతర్యుద్ధానికి, సూరత్ గ్రంథాలకు సంబంధమేమని పాఠకునికి సందేహం కలుగవచ్చును. సంబంధం ఉన్నది, అది పత్తి దారంతో నేసినది. యుద్ధం వలన అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు చేరక నిలిచిపోగా బొంబాయి రాజధానిలో పత్తి ధర ఆకాశాన్ని అంటినది. ఆ ధనంతో వాటాల జూదం ప్రబలినది. ఆ జూదానికి మకుటం లేని రాజుగా పేరొందిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ సూరత్‌లో పుట్టినవాడే. 1865లో యుద్ధం ముగియగానే ధర కూలినది, వాటాలు కాగితాలైనవి, ఎందరో దివాలా తీసినారు. అక్కడ ఏ యుద్ధం తరువాత కొత్త నవల తలయెత్తినదో, ఇక్కడ ఆ యుద్ధపు పత్తియే అదృష్టాలను పెంచి కూల్చినది. ఆ కూలిన మరుసటి సంవత్సరమే 1866.

సూరత్‌కు కూలుట కొత్త కాదు. మొగలుల కాలంలో ఇది పడమటి సముద్రానికి ప్రధాన ద్వారం. మక్కా యాత్రికులు ఇక్కడ ఓడలెక్కేవారు. 1664లో, 1670లో శివాజీ సైన్యాలు దీనిని దోచినవి. 1759లో కోట ఆంగ్లేయుల వశమైనది. వర్తకం క్రమంగా బొంబాయికి తరలినది. 1837లో జరిగిన అగ్నిప్రమాదంలో నగరంలో చాలభాగం బూడిద అయినది. వైభవం పోయినదని తెలిసిన నగరానికి రెండు దారులు ఉంటాయి: గతాన్ని కీర్తించుట, లేక వర్తమానాన్ని ప్రశ్నించుట. సూరత్ రెండూ చేసినది. దుర్గారామ్ మెహతాజీ ప్రభృతులు 1844లో మానవధర్మ సభను స్థాపించి, మంత్రగాండ్రను బహిరంగంగా పిలిచి తమ శక్తిని అందరియెదుట నిరూపింపుమని అడిగినారు. ఇది మతసంస్కరణకు సంబంధించిన ఘట్టమని చరిత్రకారులు అంటారు. సాహిత్య విమర్శకునికి ఇందులో మరియొకటి కనిపించవలెను. చెప్పినదానిని నమ్మక, చూపుమని అడుగుట వాస్తవిక దృష్టికి తొలి మెట్టు. నందశంకర్, మహీపతరామ్, నర్మద్ ముగ్గురూ బాల్యంలో ఈ గాలి పీల్చినవారే.

మొదట 'కరణ్ ఘెలో'. నందశంకర్ సూరత్ ఆంగ్ల పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. విద్యాశాఖకు చెందిన ఒక ఆంగ్ల అధికారి ప్రోత్సాహంతో, వాల్టర్ స్కాట్ మార్గంలో ఈ కథను వ్రాశాడు. గుజరాత్ చివరి రాజపుత్ర ప్రభువు కరణుడు తన మంత్రి మాధవుని భార్యను అపహరిస్తాడు. అవమానితుడైన మంత్రి ఢిల్లీకి పోయి అల్లాఉద్దీన్ ఖిల్జీని పిలుచుకొని వస్తాడు. రాజ్యం, రాణి, తుదకు కుమార్తె కూడా రాజునకు దక్కరు. గుజరాతీలో స్వతంత్ర నవలకు ఇదే ఆరంభమని సాధారణంగా అంగీకరిస్తారు. ఇందులో నగరాల, ఉత్సవాల, యుద్ధాల వర్ణనలు సమృద్ధిగా ఉన్నవి. వర్ణన ఎంత నిండుగా ఉన్నను దృష్టి మాత్రం వాస్తవికం కాదు. కార్యకారణ శృంఖల ఇందులోనూ ఉన్నది: ఒక పాపం, దాని వెంట ఒక పతనం. అయితే ఆ శృంఖల పాఠకునికి ముందే తెలిసినది. సహజవాది కూడా తప్పించుకొనరాని ఫలితాన్ని చూపుతాడు కాని, కారణాన్ని జీతంలో, గదిలో, ఇరుగుపొరుగులో వెదకుతాడు. నందశంకర్ దానిని ధర్మశాస్త్రంలో ముందుగానే చదివి వచ్చినాడు. సూరత్‌లోనే పుట్టిన నవలరామ్ పండ్యా 1867లో ఈ నవలను సమీక్షించాడు. గుజరాతీలో గ్రంథ సమీక్షకు దానినే ఆరంభంగా చెబుతారు. మొదటి నవల వెన్వెంటనే మొదటి సమీక్షకుని పొందుట ఏ సాహిత్యానికైనా భాగ్యమే.

రెండవది 'సాసూ వహూనీ లడాయీ'. మహీపతరామ్ 1860లో సముద్రయానం చేసి ఇంగ్లండు వెళ్లినందుకు కులబహిష్కారం అనుభవించినవాడు. కట్టుబాటు ఎంత కఠినమో అతనికి గ్రంథాల వలన కాదు, గడప వలన తెలిసినది. అత్తాకోడళ్ల కలహాన్ని నవలకు వస్తువుగా స్వీకరించుటయే ఒక సాహసం. రాజులు దిగిపోయినారు, వంటిల్లు రంగస్థలమైనది. ఆ దిగివచ్చుటలో హావెల్స్ చేసిన పనికి దగ్గర పోలిక ఉన్నది. అయితే ఇక్కడ రచయిత చేతిలో బెత్తం కూడా ఉన్నది. ఉపాధ్యాయుడు, సంస్కర్త అయిన మహీపతరామ్ ఇంటిని చూచునప్పుడే దానిని దిద్దవలెనన్న తొందరలో ఉంటాడు. పాత్ర నోరు విప్పకముందే ఆ పాత్రపై తీర్పు వెలువడుతుంది. దిద్దవలెనన్న కోరిక దోషం కాదు. కాని దిద్దుబాటు చూపును మించి పోయినప్పుడు పాత్రలు ఉదాహరణలు అవుతాయి. అత్త ఎందుకట్లు అయినదో, ఆమె కూడా ఒకనాడు కోడలై ఏమి భరించినదో చెప్పగలిగినప్పుడే ఆ కలహం నవల అవుతుంది. అంతవరకు అది ఉపన్యాసానికి దృష్టాంతం.

తెలుగు పాఠకునికి ఈ దశ సుపరిచితం. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో పత్రికాముఖంగాను, 1880లో గ్రంథంగాను వచ్చినది. అక్కడా గృహమే రంగం, మూఢాచార ఖండనమే లక్ష్యం. ఆ లక్ష్యం నుండి చూపు విముక్తి పొందుటకు గురజాడ అప్పారావు రావలసి వచ్చినది. 'కన్యాశుల్కం' కూడా సంస్కరణ నాటకంగానే 1897లో అచ్చయినది. కాని 1909 నాటి రూపంలో గిరీశం, మధురవాణి సంస్కరణోద్యమానికి సాక్షులు గాను, పరీక్షకులు గాను నిలిచినారు. గిరీశం ఖండింపబడుటకు మాత్రమే పుట్టి ఉంటే ఏనాడో మరుగున పడి ఉండేవాడు. రచయిత అతనిని చూచి ఆనందించినాడు. అందువలననే అతడు బ్రతికి ఉన్నాడు. తీర్పు చెప్పగల శక్తి ఉండి కూడా కొంతసేపు తీర్పును ఆపగలుగుట వాస్తవిక రచయితకు ప్రథమ నియమం. ఈ నియమం 1866 నాటి సూరత్ నవలలలో రెండింటికీ అలవడలేదు.

మూడవ గ్రంథంలో అది అలవడినది, అయితే కఠినమైన విధంగా. 1833లో సూరత్‌లో పుట్టిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే, నర్మద్ అను పేరుతో ప్రసిద్ధుడు. తండ్రి బొంబాయిలో లేఖకుడు. నర్మద్ 1858 నవంబరు 23న ఉపాధ్యాయ వృత్తిని వదలి, కలమే ఆధారంగా బ్రతుకవలెనని నిశ్చయించుకొన్నాడు. 1864లో 'దాండియో' పత్రిక స్థాపించి లోకాన్ని నిద్ర లేపుటకు పూనుకొన్నాడు. ముప్పదిమూడేండ్ల వయసులో తన జీవితాన్ని తానే వ్రాసికొని 'మారీ హకీకత్' అని పేరు పెట్టాడు. హకీకత్ అనగా ఉన్న సంగతి. తెలుగువారికి కూడా కేవలం అపరిచితం కాని మాట. 'చరిత్ర' అనలేదు, 'గాథ' అనలేదు. దఫ్తరులో గుమాస్తా వాడే మాటను ఏరుకొన్నాడు. ఆ ఎన్నికలోనే అతని కళ ఉన్నది.

ఆ గ్రంథంలో తిథులు, రాబడి, అప్పులు, జబ్బులు, భయాలు, స్నేహాలు, కలహాలు ఒకదాని సరసన ఒకటి కూర్చుండును. కొన్ని సంగతులు విడిచిపెట్టుచున్నానని, చెప్పిన మేరకు మాత్రం సత్యమే చెప్పుచున్నానని అతని పద్ధతి. ఇది చిన్న విషయం కాదు. తాను అన్నీ చెప్పుచున్నానని ప్రతిజ్ఞ చేయువాడు పాఠకుని మోసగించుటకు ముందు తన్ను మోసగించుకొంటాడు. హద్దు ఎక్కడనో చూపి, ఆ హద్దులోపల కన్ను మూయకుండా నిలుచుటయే వాస్తవికత. నర్మద్ తన కీర్తికాంక్షను దాచలేదు, తన పిరికితనాన్ని దాచలేదు. సంస్కర్తగా ప్రసిద్ధుడైన మనిషి సంస్కర్త వేషాన్ని తీసి పక్కన పెట్టి తన్ను తాను ఒక దృష్టాంతంగా కాక ఒక మనిషిగా చూచుట ఆ దశాబ్దంలో మిక్కిలి అరుదైన సంగతి. మహీపతరామ్ నవలలో లోపించిన ఓర్పు ఇక్కడ ఉన్నది. నర్మద్ ఇతరుల విషయంలో దుడుకువాడు కావచ్చును, తన విషయంలో మాత్రం తీర్పును ఆపి, సాక్ష్యం సేకరించినాడు.

ఈ గ్రంథపు అదృష్టం విచిత్రమైనది. 1866లో మిత్రుల కోసం కొద్ది ప్రతులు మాత్రం ముద్రింపబడినవి. లోకానికి అందినది 1933లో, నర్మద్ శతజయంతి సంవత్సరంలో. ఈలోగా గాంధీజీ ఆత్మకథ 1925 నుండి 'నవజీవన్' పత్రికలో వెలువడి ప్రపంచ ప్రసిద్ధం అయినది. గాంధీజీ దానికి 'సత్యశోధన' అర్థం వచ్చునట్లు, సత్యంతో ప్రయోగాలని పేరు పెట్టాడు. జోలా కూడా ప్రయోగం అన్నాడు. ఆ మాట ఒకటే అయినను అర్థం తలక్రిందులైనది. జోలా ప్రయోగంలో పాత్ర పాత్రలోపల పడిన ద్రవ్యం వంటిది. ఫలితాన్ని చూచువాడు వేరొకడు. గాంధీజీ ప్రయోగంలో ప్రయోగించువాడు, ప్రయోగింపబడువాడు ఒక్కడే. ఫలితం నచ్చనిచో అతడు మారగలడు. నర్మద్ ఈ రెంటికీ నడుమ నిలిచినవాడు. అతనికి సంకల్పబలం ఉన్నది, దానిని దాటిపోయిన పరిస్థితుల స్పృహ కూడా ఉన్నది.

అతని తరువాతి జీవితాన్ని చూచిన సహజవాది తన వాదమే గెలిచినదని అనవచ్చును. అప్పుల భారం పెరిగినది. నిఘంటువు 'నర్మకోశం' సంవత్సరాల శ్రమను హరించినది. ఎవరి కొలువూ చేయనని శపథం పట్టినవాడు 1882లో ఉద్యోగం స్వీకరింపవలసి వచ్చినది. పూర్వం ఖండించిన ఆచారాలను గూర్చి అతని అభిప్రాయాలు మారినవి. 1885 నాటి 'ధర్మవిచార్' అందుకు సాక్షి. 1886లో మరణించాడు. పరిసరం మనిషిని వంచినదనుటకు ఇంతకంటె ఏమి కావలెను? అయితే ఈ వాదం ఒక సంగతిని వదలివేస్తుంది. కలంతో జీవింపదలచినవాడు ఇరువది నాలుగేండ్లు ఆ శపథంపై నిలిచినాడు. హర్స్‌ట్‌వుడ్ తాళం పడిపోయిన తరువాత ఒక్క అడుగు కూడా తనంతట తాను వేయలేకపోయినాడు. నర్మద్ తాళం పడిన గదిలో కూడా వ్రాసుకొనుచు ఉన్నాడు. అతని జీవితం సహజవాదానికి ఉదాహరణ కాదు. ఆ వాదానికి గల హద్దును చూపు గీత. కనుక 1866 నాటి మూడు గ్రంథాలలో వాస్తవికతకు మూలపురుషుడు నవలాకారులలో ఎవరూ కారు. స్వీయచరిత్రకారుడు నర్మదే అని తీర్మానించుట న్యాయం.

ఈ తీర్మానానికి ఒక ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయరాదు. స్వీయచరిత్ర ఒక్క మనిషి సత్యం. నర్మద్ తన అప్పును లెక్కించగలడు. తన ఇంటి పనివాని అప్పును లెక్కించలేదు. సహజవాదానికి గల నిజమైన గౌరవం అక్కడనే ఉన్నది. అది తన గురించి తాను వ్రాసుకొనలేని వారి వద్దకు పోయినది. అప్టన్ సింక్లేర్ 1906లో ప్రకటించిన 'ది జంగిల్'లో లిథువేనియా నుండి షికాగో చేరిన వలస కుటుంబం మాంసపు కర్మాగారాలలో నలిగిపోతుంది. ఆ సంవత్సరమే అమెరికాలో మాంస పరీక్షకు, ఆహార పదార్థాల శుద్ధికి చట్టాలు వచ్చినవి. కర్మాగారపు నేల, చలి, గాయం, అద్దె ఇంటి కాగితంలోని మోసం ఆ గ్రంథంలో మరువరానివి. చివరి అధ్యాయాలలో ఉపన్యాసం కథను మింగివేసినది. మహీపతరామ్ దోషమే నలువది ఏండ్ల తరువాత షికాగోలో మళ్లీ కనిపించుట గమనింపదగినది. గుజరాతీ పాఠకులు సింక్లేర్‌ను దూరం నుండి చూడలేదు. ఝవేర్‌చంద్ మేఘాణీ 1930ల దశకంలో సింక్లేర్ నవలల ఆధారంగా 'సత్యనీ శోధమాఁ', 'బిడేలాఁ ద్వార్' అనే రెండు గ్రంథాలను వ్రాసి, ఆ మనుషులకు గుజరాతీ వేషభాషలు కల్పించినాడు. అమెరికా నవల గుజరాత్‌కు సిద్ధాంతంగా కాక కుటుంబ కథగా వచ్చినది, అందువలననే నిలిచినది.

ఈనాటి సూరత్ నర్మద్ ఎరిగిన సూరత్ కాదు. పడిపోయిన రేవు మరమగ్గాల పట్టణంగా, వజ్రాల సానకు ప్రపంచ కేంద్రంగా లేచినది. మగ్గాలు లక్షల సంఖ్యలో ఉన్నవి. ఒరిస్సాలోని గంజాం నుండి, ఉత్తరాది నుండి వచ్చినవారు పన్నెండు గంటల వంతులలో, మీటరు లెక్కన కూలికి నేయుదురు. పగటి వంతువాడు లేచిన పరుపుపై రాత్రి వంతువాడు పండుకొను గదులు ఉన్నవి. వారి సరసనే కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చిన పద్మశాలీలు తరతరాలుగా ఉన్నారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలు నడిపినది. ఈ శ్రమ ప్రపంచాన్ని డచ్చి సామాజికశాస్త్రజ్ఞుడు యాన్ బ్రెమన్ దశాబ్దాల తరబడి పరిశీలించి, 1996 నాటి గ్రంథంలోను ఇతర రచనలలోను నమోదు చేశాడు. జోలా నవలాకారునికి అప్పగించిన పనిని ఇక్కడ సామాజికశాస్త్రజ్ఞుడు మోసినాడు.

ఆ నమోదు విలువైనది కాని చాలదు. పరుపు వంతుల వారీగా మారునని శాస్త్రజ్ఞుడు చెప్పగలడు. ఆ పరుపుపై ఇంకా చల్లారని ఇంకొకని ఒంటివేడి తగిలినప్పుడు, పండుకొనబోవు మనిషి మనసులో ఏమి కదలునో చెప్పవలసినది కథకుడు. సిరిసిల్లలోనో, సూరత్‌లోనో మగ్గం ముందు నిలిచిన తెలుగు నేతగాని కథకు మూడు ప్రమాదాలు పొంచి ఉన్నవి. నందశంకర్ వలె అతనిని విధికి అప్పగించవచ్చును. మహీపతరామ్ వలె అతనిని దృష్టాంతంగా మార్చవచ్చును. క్రేన్ అనుయాయుల వలె పరిసరమే సర్వమని చెప్పి అతని చేతిలోని చిన్న స్వేచ్ఛను కూడా లాగివేయవచ్చును. నాలుగవ దారి నర్మద్ చూపినది: హద్దు చెప్పి, లెక్క తప్పకుండా, దయ తగ్గకుండా ఉన్న సంగతి వ్రాయుట. అతడు ఆ దారిని తనకై తాను వేసికొన్నాడు. దానిని ఇతరుల వరకు పొడిగించుట నవల చేయవలసిన పని.

సూరత్ 1866లో మూడు ద్వారాలు తెరచినది. రెండింటిలోనుండి నవల నడచి వచ్చినది, మూడవదానిలోనుండి సత్యం నడచి వచ్చినది. ఈ రెండూ ఒకే ఇంట కాపురం చేయు రచన ఏ భాషలో వచ్చినను, దాని మొదటి పుటకు వెనుక, మిత్రుల కోసం కొద్ది ప్రతులు మాత్రమే అచ్చు వేసికొన్న ఆ ముప్పదిమూడేండ్ల మనిషి నీడ ఉంటుంది.